ఐలీన్ గ్రే: అన్నీ చేసిందనడం మెచ్చుకోలా, తీసిపారేయడమా?

పాతబల్ల:
మొన్న బంధువుల గృహప్రవేశంలో విన్న మాట ఇంకా మనసులోంచి పోవడం లేదు. ఆ ఇంటికి ఇంటీరియర్స్ చేసినాయనతో మాటల మధ్య ఐలీన్ గ్రే పేరు వచ్చింది. "ఆవిడ అన్నీ చేసింది, దేంట్లోనూ నిలబడలేదు" అనేశారు. శుభకార్యం కదా, అక్కడ వాదించలేదు. ఇక్కడ వాదిస్తాను.

తెలియనివారి కోసం రెండు ముక్కలు. 1878లో ఐర్లండ్‌లో పుట్టి, పారిస్‌లో స్థిరపడి, 98 ఏళ్లు బతికి 1976లో పోయారు. జపాన్ నుంచి వచ్చిన సుగవారా అనే పనివాడి దగ్గర లక్క పూత నేర్చుకున్నారు. మడత తెరలు, కుర్చీలు, తివాచీలు, దీపాలు చేశారు. 1922లో సొంత దుకాణం తెరిచి, దానికి లేని మగాయన పేరు పెట్టారు: ఝాఁ దెజేర్. ఆ తర్వాత, ఆర్కిటెక్చర్ చదువన్నది లేకుండా, నలభై ఎనిమిదో ఏట మధ్యధరా ఒడ్డున ఇల్లు మొదలుపెట్టారు. 1929కి పూర్తయింది.

ఇన్ని పనులు చేసిన మనిషిని "బహుముఖ ప్రజ్ఞ" అంటాం. ఆ మాట వెనకే "సొంత ముద్ర లేదు" అన్న తీర్పు కూడా నడిచివస్తుంది. నేనైతే ఆవిడ మొదటి నుంచి చివరిదాకా ఒక్క పనే చేసిందంటాను. మీరేమంటారు?

తూనికరాయి:
నేను ఆ ఇంటీరియర్స్ ఆయన పక్షమే అండీ. 1917-19 మధ్య చేసిన డ్రాగన్ల కుర్చీ చూడండి. గోధుమరంగు తోలు, చేతుల మీద మెలికలు తిరిగిన డ్రాగన్లు. 2009లో పారిస్ వేలంలో దాదాపు 2 కోట్ల 19 లక్షల యూరోలు పలికింది. పదేళ్లు తిరక్కుండా అదే మనిషి స్టీలు గొట్టం వంచి, పైన గాజు పెట్టి బల్ల చేసింది. రెండూ పక్కపక్కన పెట్టి అడిగితే ఎవరైనా ఇద్దరు మనుషుల పని అంటారు. అలంకారాలకు గిరాకీ ఉన్నన్నాళ్లు అలంకారం, గాలి మారాక స్టీలు. గొప్ప చెయ్యే, కాదనను. కానీ గాలివాటం.

అంకుడుకర్ర:
మాది ఏటికొప్పాక దగ్గరి ఊరు, అందుకని ఆ "లక్క" దగ్గర ఆగిపోయాను. మన లక్క పురుగు ఇచ్చేది. లేత్ మీద తిరుగుతున్న అంకుడు కొయ్యకు రంగు లక్క కడ్డీ ఆనిస్తే రాపిడి వేడికి కరిగి పట్టేస్తుంది. మొగలి ఆకుతో రుద్దితే మెరుపు వస్తుంది. చెయ్యి తిరిగినవాళ్లకు నిమిషాల పని.

ఆవిడ వాడింది ఉరుషి. అది చెట్టు పాలు. ఎండబెడితే గట్టిపడదు, తేమ గదిలో పెట్టాలి. పూత వెయ్యాలి, రోజుల తరబడి ఆగాలి, అరగదీయాలి, మళ్లీ పూత. ఇలా ఇరవై పూతల దాకా. పచ్చిగా తగిలితే చర్మం పొక్కుతుంది, ఆవిడ చేతులకూ ఆ బాధ తప్పలేదు. అయినా వదలకుండా ఏళ్లకేళ్లు ఆ పని ముందే కూర్చుంది. అలాంటి మనిషిని "నిలబడలేదు" అనడానికి నోరెలా వచ్చిందండీ? మా ఊళ్లో అని చూడమనండి.

పాతబల్ల:
అంకుడుకర్ర గారూ, చెట్టుపాల సంగతి సరిదిద్దినందుకు ధన్యవాదాలు.

తూనికరాయి గారూ, మీరు ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి చూపించి మధ్యలోది వదిలేశారు. డ్రాగన్ల కుర్చీ ఏ ఇంటి కోసం చేసిందో, పారిస్‌లోని అదే ఇంటి నడవ చూడండి. గోడ పొడవునా 450 చిన్న లక్క పలకలు. ఒకచోటికి వచ్చేసరికి ఆ పలకలు గోడను వదిలి అడ్డం తిరుగుతాయి, నడవ రెండు భాగాలవుతుంది. గోడ మీది అలంకారం కాస్తా గోడ అయిపోయింది! తర్వాత దాన్నే విడదీసి మడత తెర చేసింది. నిలువు కడ్డీలకు గుచ్చిన నల్లటి లక్క పలకలు, ఒక్కొక్కటీ తిప్పుకోవచ్చు. అన్నీ మూస్తే తడిక, తెరిస్తే కిటికీ. ఇది 1920లకు కాస్త అటూ ఇటూ. గాలి మారేదాకా కాచుకుని కూర్చున్న మనిషి చేసే పనేనా ఇది?

ఇక సముద్రం ఒడ్డు ఇల్లు, ఇ-1027. దక్షిణ ఫ్రాన్స్‌లో రోక్‌బ్రూన్ అనే ఊరి దగ్గర కొండవాలు మీద ఉంది. "ఇల్లంటే నివసించే యంత్రం" అని పేరుమోసిన ఆర్కిటెక్టు లె కార్బూజియే అంటున్న రోజులవి. కాదు, ఇల్లు మనిషికి గుల్ల లాంటిదని ఈవిడ. ఉత్త మాట కాదు, లోపలికి వెళ్తే కనిపిస్తుంది. భోజనాల బల్ల మీద బెండు పరిచింది, కప్పులూ పళ్లేలూ చప్పుడు చెయ్యకుండా. అద్దానికి పక్కనుంచి ఒక చెయ్యి, ఆ చేతికి ఇంకో చిన్న అద్దం, మెడ వెనక చూసుకోవడానికి. ఒక కుర్చీకి ఒక్కటే చెయ్యి, పక్కకు వాలి కూర్చునేవాళ్ల కోసం. గోడల మీద అచ్చు అక్షరాలతో ఏది ఎక్కడుందో రాసింది, దిండ్లు ఇక్కడ, పైజమాలు ఇక్కడ అని. గుమ్మం దగ్గరయితే "నెమ్మదిగా లోపలికి రండి". నాకు ఈ మాట చాలు.

లక్క అయినా స్టీలు అయినా ఆవిడ చూసింది మనిషి ఎలా కూర్చుంటాడు, ఎటు వాలతాడు, చెయ్యి ఎంత దూరం చాస్తాడు అన్నదే. సరుకు మారింది, చూపు మారలేదు.

తూనికరాయి:
నడవ సంగతి నిజంగా నా దృష్టికి రాలేదు. ఒప్పుకుంటున్నాను. అయితే ఇల్లంతా ఆవిడ ఖాతాలో వెయ్యడం మాత్రం అన్యాయం. పేరులోనే ఉంది కదా: ఇ అంటే ఐలీన్, 10 అంటే పదో అక్షరం జె, 2 అంటే బి, 7 అంటే జి. ఝాఁ బడోవిచి పేరును ఆవిడ పేరు మధ్యలో దాచారు. ఆయన ఆర్కిటెక్టు, ఆ ఇల్లు కట్టిందీ ఆయన కోసమే.

పాతబల్ల:
బడోవిచి వాటా బడోవిచికి ఉంది, కాదనను. అయినా ఆవిడ ఖాతాలో ఎక్కువ పడిందని మీకు బెంగ అక్కర్లేదండీ, జరిగింది తలకిందులు. 1938-39లో లె కార్బూజియే ఆ ఇంట్లో అతిథిగా దిగి, ఆవిడను అడగకుండా గోడల మీద పెద్ద పెద్ద బొమ్మలు వేశాడు. ఆవిడ దాన్ని తన పనిని పాడుచేయడంగానే చూసింది. తర్వాత ఎన్నో ఏళ్లు ఆ ఇంటి ప్రస్తావన వస్తే మగవాళ్ల పేర్లే ముందు వినబడ్డాయి. ఆ బొమ్మలూ కళే కదా అంటారు కొందరు. ఎవరి ఇంటి ముగ్గు మీద ఎవరు నడిచారన్నది ముందు చూడాలి అంటాను.

ఇంకోటి. మన దేశానికీ ఆవిడ పని వచ్చింది. ఇందోర్ మహారాజు యశ్వంత్‌రావు హోల్కర్ మాణిక్‌బాగ్ భవనం కోసం ఆవిడ చేసిన "ట్రాన్సాట్" కుర్చీ తెప్పించుకున్నారు. ఓడ డెక్కు మీద వేసుకునే కుర్చీని చూసి చేసినది.

కొలతబద్ద:
నేను వడ్రంగి, స్టీలు పనులు కాంట్రాక్టుకు చేయిస్తాను. పుస్తకాల సంగతి తెలియదు గానీ ఆ గాజు బల్ల తెలుసు. మంచంలోనే టిఫిన్ తినడం ఇష్టపడే తన అక్క కోసం ఆవిడ చేసిందంటారు. మా అమ్మకు మోకాలి ఆపరేషన్ అయినప్పుడు ఫొటో చూపించి ఒక ఫ్యాబ్రికేషన్ షాపులో చేయించాను. వాడు అడుగు రింగును గుండ్రంగా మూసేశాడు, అందంగా ఉంటుందని. తీరా చూస్తే మంచం కోడు అడ్డొచ్చి బల్ల లోపలికి పోలేదు. అప్పుడు మళ్లీ ఫొటో చూస్తే తెలిసింది, ఆవిడ ఆ రింగును ఒకవైపు తెరిచి ఉంచింది అందుకే. కోడు ఆ ఖాళీలోకి వస్తుంది, బల్ల నేరుగా మనిషి ఒడి మీదికి వస్తుంది. కోయించి సరిచేయించాను. తూనికరాయి గారూ, ఫ్యాషన్ కోసం చేసేవాళ్లు కోడు సంగతి ఆలోచించరండీ.

తూనికరాయి:
దీనికి నా దగ్గర జవాబు లేదు. ఇంతకీ ఎత్తు ఎలా మారుతుంది? మా నాన్నగారికి కూడా ఒకటి చేయిద్దామని.

కొలతబద్ద:
వెనక నిలువు గొట్టం లోపల ఇంకో గొట్టం. వరసగా చిల్లులు, వాటిలో పిన్ను. మీకు కావలసిన ఎత్తులో పిన్ను దూర్చడమే. ఆ పిన్నును చిన్న గొలుసుతో బల్లకే కట్టి ఉంటుంది. మా షాపువాడు గొలుసు ఎందుకని వదిలేశాడు. మూడో రోజు పిన్ను జారి మంచం కిందికి దొర్లింది. వంగలేక అమ్మ నేను వచ్చేదాకా అలాగే కూర్చుంది. మీరు గొలుసు మర్చిపోకండి.