గేట్‌వే వెనకున్న ఏహెచ్‌యూలో పాత సెట్‌పాయింటే ఉండిపోతోంది, ఎవరైనా సాయం చేయగలరా?

అందరికీ నమస్కారం. మా బిల్డింగ్‌లో ఏసీకి నీళ్లు చల్లబరిచే చిల్లర్లు ఒక కంపెనీవి, బ్యాక్‌నెట్ ఐపీ అనే కమ్యూనికేషన్ ప్రోటోకాల్ మీద నడుస్తాయి. ఏహెచ్‌యూలు (హాళ్లలోకి చల్లగాలి పంపే యూనిట్లు) ఇంకో కంపెనీవి, వాటిది మోడ్‌బస్ ఆర్‌టీయూ అనే వేరే ప్రోటోకాల్. మధ్యలో ఒకదాని సందేశాలను ఇంకోదానికి మార్చే గేట్‌వే ఉంది.

రీడింగులు బాగానే వస్తున్నాయి. మొదట్లో టెంపరేచర్ అర్థంలేని అంకెలు చూపించేది. 32 బిట్ విలువ రెండు రిజిస్టర్లలో (విలువలు దాచే మోడ్‌బస్ గళ్లలో) ఉంటుంది కదా, వాటి వరుస మార్చగానే కుదిరింది.

అసలు తలనొప్పి విలువలు రాసే దగ్గరే. ఆపరేటర్ స్క్రీన్ మీద సెట్‌పాయింట్ (ఉండాల్సిన టెంపరేచర్) మారిస్తే అది బ్యాక్‌నెట్‌లో ప్రయారిటీ 8లో కూర్చుంటుంది; అంకె చిన్నదైతే ప్రాధాన్యం ఎక్కువ. దాన్ని రిలీజ్ చేయగానే 16లో ఉన్న షెడ్యూల్ విలువ అమల్లోకి రావాలి. చిల్లర్లలో వస్తోంది. గేట్‌వేలో కూడా 8 ఖాళీ అయినట్టే కనిపిస్తుంది, కానీ ఏహెచ్‌యూ రిజిస్టర్‌లో మాత్రం పాత అంకె అలాగే ఉంటోంది. మోడ్‌బస్‌లో ప్రయారిటీ అనేదే లేదు కాబట్టి గేట్‌వేనే కొత్త విలువను మళ్లీ రాయాలి. అది రాయడం లేదని నా అనుమానం.

కొంత వ్యవధికోసారి తప్పనిసరిగా రాయించేలా పెట్టొచ్చా? ఆ రిజిస్టర్ ఈఈప్రామ్‌లో (కరెంటు పోయినా విలువ నిలిచే మెమరీలో) సేవ్ అయ్యే రకమైతే పదేపదే రాయడం వల్ల మెమరీ పాడవుతుందేమోనని టెన్షన్‌గా ఉంది. రాత్రి సెట్‌బ్యాక్ (ఖాళీ వేళల్లో కూలింగ్ తగ్గించడం) పనిచేయక ఖాళీ హాళ్లు తెల్లవార్లూ చల్లబడుతున్నాయి, చూస్తే బాధేస్తోంది. ఇలాంటిది సరిచేసినవాళ్లు గేట్‌వేలో ఏ సెట్టింగ్ చూడాలో చెప్పండి.