వారం మధ్యలో రాత్రి భోజనానికి బీఫ్ కాటేజ్ పై: గంటలో అవుతుందా?

ప్రశ్న (బర్మింగ్‌హామ్ నుంచి)

అందరికీ నమస్కారం. స్కూల్లో పెట్టే కాటేజ్ పై (ఖీమా మీద బంగాళదుంప ముద్ద పరిచి ఓవెన్‌లో కాల్చే వంటకం) మా పిల్లలకు బాగా నచ్చి, ఇంట్లోనూ చేయమంటున్నారు. మేము బీఫ్ తింటాం కానీ కూర, వేపుడు తప్ప ఓవెన్ వంట నాకు అలవాటు లేదు. ఆరింటికి ఇల్లు చేరి ఏడింటికల్లా వడ్డించగలిగే పద్ధతి ఉంటే చెప్పగలరు. సూపర్‌మార్కెట్‌లో 5, 12, 20 శాతం కొవ్వు ఉన్న ఖీమాలు కనిపిస్తున్నాయి; వాటిలో ఏది మంచిది? గరం మసాలా వేయవచ్చా?

జవాబు 1 (లీడ్స్ నుంచి)

గంటలో హాయిగా అవుతుందండి, పైన వేసేది బంగాళదుంప ముద్దే కాబట్టి పిండి కలిపి ఒత్తే పని లేదు. నలుగురికి 500 గ్రాముల ఖీమా, 900 గ్రాముల దుంపలు చాలు. నేనైతే 12 శాతం రకమే కొంటాను. 5 శాతంది పొడిపొడిగా అవుతుంది, 20 శాతందైతే తేలిన కొవ్వును వంచేయాలి.

ముందు దుంపలు ఉడకడానికి పెట్టేయండి, ఆలోగా రెండో పొయ్యి మీద ఖీమా పని అయిపోతుంది. వెడల్పాటి మూకుడు బాగా కాగాక ఖీమాను పలచగా పరిచి, అడుగు ఎర్రబడేదాకా కదపకుండా వదిలేయండి. అదేపనిగా కలిపితే నీరూరి ఉడుకుతుందే తప్ప వేగదు, రుచంతా ఆ వేగడంలోనే ఉంది. తర్వాత సన్నగా తరిగిన ఉల్లిపాయ, క్యారెట్, వెల్లుల్లి వేసి మగ్గనిచ్చి, చెంచాడు టమాటా పేస్టు, చెంచాడు మైదా కలిపి ఒక నిమిషం వేయించి, బీఫ్ స్టాక్ క్యూబు (మాంసం రసం రుచినిచ్చే బిళ్ల) కరిగించిన 300 మిల్లీలీటర్ల వేడినీళ్లు పోయండి. కొంచెం వోర్సెస్టర్ సాస్ (పుల్లటి ఇంగ్లిష్ సాస్), థైమ్ ఆకు, మిరియాల పొడి వేసి, గరిటెతో అడుగున గీసిన గీత ఒక క్షణం నిలిచేంత చిక్కగా మరిగించండి. పలచగా ఉంటే దుంప ముద్ద అందులోకి దిగిపోతుంది.

జవాబు 2 (రెడింగ్ నుంచి)

లీడ్స్ వారు దుంపలు మెదిపే సంగతి వదిలేశారు. మారిస్ పైపర్ వంటి పిండి దుంపలు తీసుకుని, నీళ్లు వంచాక అదే గిన్నెలో ఒకటి రెండు నిమిషాలు సెగ మీద తడి ఆర్చి, వెన్న, వేడి పాలు పోసి చేత్తోనే మెదపండి. మిక్సీలో వేస్తే జిగురు ముద్దవుతుంది. ఖీమాను ట్రేలో పరిచి, దుంప ముద్దను ముందు అంచుల చుట్టూ పెట్టి తర్వాత మధ్యలోకి నింపితే రసం పొంగి బయటికి రాదు. పైన ఫోర్కుతో గీతలు గీసి, కాస్త చెడ్డార్ చీజ్ తురుము చల్లి, ఫ్యాన్ ఓవెన్‌లో 180 డిగ్రీల దగ్గర 25 నిమిషాలు ఉంచండి.

గరం మసాలా వద్దనే అంటాను. అది పడితే ఖీమా కూర మీద ఆలూ పెట్టినట్లుంటుంది, మీ పిల్లలు అడిగింది అది కాదు కదా. పెద్దవాళ్ల వాటాలో ఒక పచ్చిమిరపకాయ తరిగి వేసుకోండి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. మా చిన్నవాడికి చేపలు పడవు, ఆ సాస్‌లో ఏమైనా ఉంటాయా?

జవాబు 1 (లీడ్స్ నుంచి)

ఉంటాయండి, మామూలు వోర్సెస్టర్ సాస్‌లో ఆంకోవీ చేపలు వేస్తారు. బదులుగా చెంచాడు సోయా సాస్, నాలుగు చుక్కల వెనిగర్ వేయండి. స్టాక్ క్యూబు, సోయా సాస్ లేబుళ్లు కూడా ఒకసారి చదివి చూసుకోండి.