1,86,000 కిలోమీటర్లు తిరిగిన కారుకి ఏ గ్రేడ్ ఇంజిన్ ఆయిల్ పోయించాలి?

అందరికీ నమస్కారం. మాది ఖమ్మం. నాన్నగారు 2008లో కొన్న చిన్న పెట్రోల్ కారు ఇప్పుడు నేను నడుపుతున్నాను. 1.1 లీటర్ ఇంజిన్, 1,86,000 కిలోమీటర్లు తిరిగింది. పదిహేనేళ్లు నిండగానే ఆర్‌సీ రెన్యువల్ కూడా చేయించాను. ఆయన చేతి బండి, అమ్మే ఆలోచన లేదు.

పొద్దున్నే స్టార్ట్ చేయగానే సైలెన్సర్ నుంచి నీలం పొగ ఒక్కసారి గుప్పుమంటుంది. అర నిమిషంలో ఆగిపోతుంది. దారిలో మళ్లీ కనపడదు. వెయ్యి కిలోమీటర్లు తిరిగాక డిప్‌స్టిక్ తుడిచి చూస్తే, ఆయిల్ పై గీత నుంచి సగానికి దిగి ఉంటోంది. బండి కింద చుక్క కూడా కారడం లేదు.

ఇన్నాళ్లూ 10డబ్ల్యూ30 మినరల్ ఆయిలే వాడాం. మా మెకానిక్ అంతకంటే చిక్కటి 20డబ్ల్యూ50 పోద్దామంటున్నాడు. ఇంకొకాయన వాల్వ్ సీల్స్ (ఆయిల్ సిలిండర్‌లోకి జారకుండా ఆపే చిన్న రబ్బరు సీళ్లు) మార్చాల్సిందే అంటున్నారు. పొగ స్టార్టింగ్‌లోనే వస్తోంది కాబట్టి నాకూ సీల్స్ మీదే అనుమానం. చిక్కటి ఆయిల్ పోస్తే పొగ తగ్గొచ్చు. కానీ చల్లటి ఇంజిన్‌లో అది పైన వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్ దాకా చేరేసరికి ఆలస్యమై, అరుగుదల ఇంకా పెరుగుతుందేమోనని టెన్షన్. మా ఊళ్లో చలి తక్కువే, ఎండాకాలం మాత్రం మండిపోతుంది.

మధ్యేమార్గంగా 15డబ్ల్యూ40 వాడి చూడొచ్చా? ఇన్నేళ్లు మినరల్ ఆయిల్ మీద నడిచిన ఇంజిన్‌కి ఇప్పుడు సెమీ సింథటిక్ (మినరల్, సింథటిక్ కలిపిన ఆయిల్) పోస్తే లీకులు మొదలవుతాయా? ముందు కంప్రెషన్ టెస్ట్ (సిలిండర్లలో ఒత్తిడి సరిగా ఉందో లేదో చూసే పరీక్ష) చేయించడం మంచిదా? ఇలాంటి పాత బండి నడుపుతున్నవాళ్లు మీ అనుభవం చెప్పండి, ప్లీజ్. వచ్చే ఆదివారం ఆయిల్ మార్పించాలి.