‘రాజరోగం’ అనవచ్చునా? ఒక పాత ఛాయాచిత్రం కింది వ్యాఖ్య గురించి

ప్రశ్న:
పెద్దలకు నమస్కారం. పాత ఛాయాచిత్రాలకు తెలుగు వ్యాఖ్యలు రాసే పనిలో ఉన్నాను. రష్యా చక్రవర్తి రెండవ నికొలాస్ కుమారుడు అలెక్సీ నావికుడి దుస్తులు వేసుకుని దిగిన చిత్రం ఒకటి నా ముందున్నది. అతనికున్న హీమోఫిలియాను ఇంగ్లీషు వ్యాఖ్యలో ‘రాయల్ డిసీజ్’ అన్నారు. దానిని నేను ‘వంశపారంపర్యంగా సంక్రమించిన రాజరోగంతో బాధపడిన యువరాజు’ అని తెలిగించాను. ఎక్కడో పొసగలేదని అనిపిస్తున్నది. సరిచూడగలరు.

జవాబు:
మీ వాక్యంలో నాకు పేచీ లేని మాట ‘యువరాజు’ ఒక్కటే. రష్యాలో జార్ కొడుకులలో సింహాసనానికి వారసుడైన వాడికి మాత్రమే ‘త్సెసారెవిచ్’ అనే ప్రత్యేక బిరుదు ఉండేది. మన రామాయణంలో యౌవరాజ్య పట్టాభిషేకం అన్నప్పుడు ఉన్న అర్థమూ అదే కనుక ఆ మాట అతికినట్లు సరిపోయింది. విక్టోరియా రాణి నాలుగవ కొడుకు, అదే జబ్బు ఉన్న లియోపోల్డ్ గురించి రాయవలసి వస్తే మాత్రం ‘రాజకుమారుడు’ అనాలి.

ఇక ‘రాజరోగం’. ఈ మాట మన భాషలో ఖాళీగా లేదు. నిఘంటువులు దీనికి క్షయ అని అర్థం చెబుతాయి. ఇరవై ఏడుగురు భార్యలలో రోహిణి ఒక్కతెనే ప్రేమించాడన్న కోపంతో దక్షుడు శపించగా చంద్రుడు క్షీణించిపోయాడనీ, నక్షత్రాలకు రాజైన చంద్రుడికి మొదట వచ్చింది కనుక అది రాజయక్ష్మం అయిందనీ ఆయుర్వేద గ్రంథాలు చెప్పే కథ మీకు తెలిసే ఉంటుంది. అందువల్ల సంస్కృతం ఎరిగిన పాఠకుడు మీ వ్యాఖ్య చదివి, ఈ పిల్లవాడు ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడనుకుంటాడు. నేటి వాడుకలోనైతే చక్కెర వ్యాధి, రక్తపోటు వంటి, కూర్చుని తినేవారి జబ్బులను ఎగతాళిగా రాజరోగాలంటున్నారు. ఆ ఎగతాళి ఈ చిత్రం కింద అసలే పనికిరాదు. ‘రాచ’ చేర్చి గట్టెక్కుదామన్నా వీలుకాదు. రాచపుండు, రాచకురుపు అనేవి వేరే రోగాలు. పైగా రాచబాట, రాచ ఉసిరి అన్నప్పటిలాగే అక్కడి ‘రాచ’కు రాజులతో కన్నా పెద్దది, మేలురకం అన్న భావంతోనే ఎక్కువ సంబంధం.

నాకు అన్నిటికన్నా ఎక్కువ అభ్యంతరం ‘వంశపారంపర్యం’ మీద. వంశం అనగానే తెలుగువారి మనసులో మెదిలేది ఇంటిపేరు, గోత్రం, తండ్రి, తాత. ఈ జబ్బు తండ్రిదైన రొమానోవ్ వంశానిది కానే కాదు; తల్లి అలెగ్జాండ్రా వైపు నుంచి వచ్చింది. దీని జాడ తెలియాలంటే వంశవృక్షం కన్నా మన వరసలే ఎక్కువ ఉపకరిస్తాయి. అలెక్సీకి మేనమామ అయిన ఫ్రీడ్రిక్ 1873లో రెండేళ్ల పసివాడుగా కిటికీలోంచి పడి, లోపలి నెత్తురు ఆగక చనిపోయాడు. తల్లికి మేనమామ అయిన లియోపోల్డ్ 1884లో పోయాడు. పెద్దమ్మ ఐరీన్ కొడుకు హైన్రిక్ నాలుగేళ్ల వయసులో 1904 ఫిబ్రవరిలో పోయాడు. ఆ ఆగస్టులోనే అలెక్సీ పుట్టాడు. ఈ లోపం ఉండేది ఎక్స్ క్రోమోజోము మీద. తల్లికి అవి రెండు ఉంటాయి కనుక ఒకటి చెడినా రెండవది సాధారణంగా ఆదుకుంటుంది. కొడుకుకు తల్లి ఇచ్చిన ఆ ఒక్కటే దిక్కు. తండ్రి కొడుకుకు ఎక్స్ ఇవ్వడు కనుక, ఈ జబ్బు ఉన్న తండ్రి నుంచి అది కొడుకుకు రాదు. తండ్రి నుంచి కొడుకుకు నడిచేదే వంశమని అనుకునే చోట, అలా నడవని జబ్బును వంశపారంపర్యం అనడం వింతగా లేదా?

‘సంక్రమించిన’ కూడా జాగ్రత్తగా వాడవలసిన మాట. ఆస్తీ సంక్రమిస్తుంది, అంటువ్యాధీ సంక్రమిస్తుంది.

మరొక సభ్యురాలు:
పాఠ్యపుస్తకాలలో ‘అనువంశికత’ అనే మాట స్థిరపడిపోయింది కనుక ‘వంశపారంపర్యం’ మీద అంత కోపం అక్కరలేదేమో. వైద్యులు కూడా ‘మీ వంశంలో ఎవరికైనా ఉందా’ అని అడిగేటప్పుడు రెండు వైపులనూ కలిపే అడుగుతారు. అయినా తల్లి వైపు అని తప్పక చెప్పాలనుకుంటే, ‘తల్లి చాలు పిల్లకు తప్పదు’ అనే సామెత మనకు ఉండనే ఉన్నది కదా. ‘తల్లి చాలులో వచ్చిన జబ్బు’ అంటే ఎంత తెలుగుగా ఉంటుంది!

జవాబు:
అమ్మా, పాఠ్యపుస్తకంలోని పారిభాషిక పదంతో నాకు తగవు లేదు; అక్కడ దాని వెంట నిర్వచనం ఉంటుంది, చిత్రం కింది ఒక్క వాక్యానికి ఆ అండ ఉండదు. ‘చాలు’ నాకూ ఎంతో ఇష్టమైన మాటే. కానీ ఆ సామెతను మనం సాధారణంగా బుద్ధుల గురించి, అదీ కొంచెం ఎత్తిపొడుపుగా వాడతాము. తన వల్లనే కొడుకుకు ఈ గతి పట్టిందని కుమిలిపోయిన తల్లి గురించి రాసేటప్పుడు ఆ ఎత్తిపొడుపు ధ్వనించకూడదు.

జబ్బు పేరు దగ్గర కూడా ఒక మాట. ‘హీమోఫిలియా’కు గ్రీకు మూలాలను బట్టి అర్థం చెబితే ‘నెత్తురు మీద మక్కువ’ అవుతుంది, అనువదిస్తే నవ్వులపాలే. పేరును అలాగే ఉంచి, పక్కన ‘నెత్తురు గడ్డకట్టని జబ్బు’ అని వివరిస్తే చాలు. గాయమైతే ఆగకుండా కారడం ఒక్కటే కాదు, కీళ్లలోకి నెత్తురు దిగి వాచిపోవడం ఇందులోని అసలు నరకం. 1912 శరత్తులో పోలండులోని స్పావాలో అలెక్సీ చావు అంచు దాకా వెళ్లాడు. మరుసటి ఏడాది రొమానోవుల మూడువందల ఏళ్ల ఉత్సవాలలో అతడిని ఒక కొసాక్కు సైనికుడు చేతులమీద మోసుకెళ్లవలసి వచ్చింది. జబ్బు ఏమిటో మాత్రం ప్రజలకు చెప్పలేదు. కనుక ‘బాధపడిన’ అన్న మీ మాటను ఊరికే అలవాటుకొద్దీ వేసిన మాటగా నేను చూడను. అయితే ఛాయాచిత్రంలో ఆ బాధ కనిపించదు, కనిపించకూడదనే రాజకుటుంబం పట్టుబట్టింది. వ్యాఖ్యలో దానిని విడిగా చెప్పడమే మేలు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ఇలా మార్చాను: ‘రష్యా యువరాజు అలెక్సీ (1904–1918). తల్లి వైపు నుంచి వచ్చిన హీమోఫిలియా, అంటే నెత్తురు గడ్డకట్టని జబ్బు, ఇతనికి పుట్టుక నుంచీ ఉండేది. అది హీమోఫిలియా బి రకమని ఎముకల డీఎన్ఏ పరీక్ష వల్ల 2009లో తేలింది. ఇతని కాలంలో ఈ సంగతిని ప్రజలకు తెలియనివ్వలేదు.’ ‘రాజరోగం’ తీసివేశాను.