అలారం మోగితే పడిపోతోంది: మూర్ఛా, గుండె లయా?

పెన్నఒడ్డు (అనంతపురం):
పదహారేళ్ల పిల్ల. తెల్లారి అలారం మోగగానే రెండుసార్లు స్పృహ తప్పింది, కాళ్లూచేతులూ కొట్టుకున్నాయి. ఇంట్లోవాళ్లు ఫిట్సే అంటున్నారు. ఈసీజీలో క్యూటీ (ప్రతి స్పందనకూ గుండె కింది గదులు విద్యుత్తుతో కదిలి మళ్లీ తేరుకునేందుకు పట్టే సమయం) 11 చిన్న గళ్లు, గుండె వేగం 75. గుండె జబ్బయితే శబ్దానికి పడిపోవడమేంది?

బురుజుకాడ (కర్నూలు):
ముందు లెక్క. చిన్న గడి 40 మిల్లీసెకన్లు, కాబట్టి క్యూటీ 440. వేగం 75 అంటే రెండు స్పందనల నడుమ 0.8 సెకను, దాని వర్గమూలం 0.894. 440ని దాంతో భాగిస్తే 492 మిల్లీసెకన్లు, ఇది వేగానికి సరిదిద్దిన క్యూటీ. ఇంత సాగితే లాంగ్ క్యూటీ అనే గుండె లయ జబ్బును అనుమానించాలి. 500 దాటితే ముప్పు బాగా ఎక్కువ. ఇది దాని అంచునే ఉంది. మిషన్ అచ్చేసిన అంకెను నమ్మకుండా ఈసీజీలో లీడ్ 2 అనే గీతలోనో వీ5 గీతలోనో డాక్టరు చేత్తో కొలవాలి.

ఉలిక్కిపడితే సింపథెటిక్ నరాల (భయానికి, ఒత్తిడికి ఒంటిని సిద్ధం చేసేవి) కొసల నుంచి గుండె కండరంలోకి దాన్ని ఉరికించే నార్‌అడ్రినలిన్ ఒక్కసారిగా దిగుతుంది. మామూలు గుండె దడదడలాడి ఊరుకుంటుంది. లాంగ్ క్యూటీలో పొటాషియం బయటికి పోయే దారి మందగించి, కణం తేరుకోకముందే ఇంకో స్పందన వచ్చి పడుతుంది. లయ చెదిరితే మెదడుకు రక్తం అందదు, చేతులు కొట్టుకుంటాయి. చూసేవాళ్లకు అది మూర్ఛే! అలారానికి, ఫోను మోతకు పడిపోవడం ఎక్కువగా ఈ జబ్బు రెండో రకంలో. మొదటి రకానికి పరుగు, ఈత; మూడో రకానికి నిద్ర.

వంకనీళ్లు (కడప):
బీటా బ్లాకర్ (గుండె మీద అడ్రినలిన్ ప్రభావాన్ని తగ్గించే మందు) రాస్తారు, నాడొలాలో ప్రొప్రనలాలో. ఉబ్బసం ఉంటే ముందే చెప్పండి. బాగుంది కదా అని చటుక్కున మానేస్తే అన్నాళ్లూ మందు కప్పి ఉంచిన గ్రాహకాలు (కణం మీద అడ్రినలిన్ అంటుకునే చోట్లు) అడ్రినలిన్‌కు మరీ ఎక్కువగా స్పందిస్తాయి, అది మందు వేసుకోనిదానికంటే చెడ్డది. వాంతులకు ఆన్‌డాన్‌సెట్రాన్, డోంపెరిడోన్, దగ్గుకు అజిత్రోమైసిన్ వద్దు. మూడూ క్యూటీని సాగదీస్తాయి. మన ఎండల్లో విరేచనాలు పట్టుకుంటే పొటాషియం పడిపోతుంది, ఆ రోజే రక్తపరీక్ష చేయించాలి.

మందుకు లొంగకపోతే ఎడమ స్టెల్లేట్ గాంగ్లియాన్ (మెడ మొదట్లో, గుండెకు సింపథెటిక్ నరాలు పంపే నరాల ముడి) కింది సగాన్నీ, దాని కింద ఛాతీలోని గాంగ్లియాలనూ తీసేస్తారు. పై సగం ముట్టుకుంటే కనురెప్ప వాలుతుంది.

బురుజుకాడ:
పడినప్పుడు చేతిలో తాళంచెవులు పెట్టి కూర్చోవద్దు. ఊపిరి మామూలుగా లేకపోతే 108కి చెప్పి, రొమ్ము నడుమ 5–6 సెంటీమీటర్లు దిగేలా, నిమిషానికి 100–120 సార్లు నొక్కండి. అలారం గడియారం ఈరోజే తీసేయండి, చేత్తో తట్టి లేపండి.

పెన్నఒడ్డు:
తమ్ముడు రోజూ బావిలో ఈత కొడతాడు. వానికేం లేదు కదా?

వంకనీళ్లు:
ఇది వంశంలో వచ్చే జబ్బు, అమ్మానాన్నలకూ వానికీ ఈసీజీ తీయించండి. అంతవరకూ బావి బంద్.