గేట్లు లేని ఆనకట్ట ఎందుకు కట్టినట్టు?

చెయ్యేటి మాస్టారు:
మా అబ్బాయి అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలోని డేటన్ దగ్గర ఉంటాడు. పోయిన ఆదివారం ఎంగిల్‌వుడ్ ఆనకట్ట మీదుగా కారులో వెళ్లాం. 40వ నంబరు రహదారి ఆ కట్ట మీదే పోతుంది. మట్టికట్టే, కానీ ఎత్తు 110 అడుగులట, పొడవు మైలుకు కాస్త తక్కువ. ఒక పక్క చూశాను, నీళ్లు లేవు. రెండో పక్కా లేవు! చెట్లు, మైదానం, మధ్యలో స్టిల్‌వాటర్ అనే చిన్న నది. కిందికి దిగి తూము చూస్తే గేట్లే లేవు, నది తన పాటికి తాను పారిపోతోంది. పాడుబడిందా అంటే మావాడు నవ్వి ఊరుకున్నాడు. ఎవరైనా చెప్పండి.

రిటైర్డు ఇంజినీరు:
పాడుబడలేదు మాస్టారూ, అలాగే కట్టారు. 1913 మార్చి వరదలో డేటన్ ఉన్న ఆ లోయలో 360 మందికి పైగా పోయారు. ఆ తర్వాత ఆర్థర్ మోర్గాన్ అనే ఇంజినీరు ఆధ్వర్యంలో 1918-22 మధ్య ఇలాంటివే ఐదు కట్టారు. వరద వస్తే తూము పట్టినంత నీరే కిందికి పోతుంది, మిగిలింది వెనక పొలాల్లో నిలిచి, కొద్ది రోజుల్లో దానంతటదే దిగిపోతుంది. అర్ధరాత్రి ఎవరూ లేచి గేటు ఎత్తనక్కర్లేదు. 1913 వరదకు మరో 40 శాతం కలిపి లెక్క వేశారు. మట్టిని నీళ్లతో కలిపి గొట్టాల్లో పంపు చేసి పోశారు, బంకమట్టి నడిమధ్యన పేరుకునేలా. నేను ఉద్యోగమంతా రోలర్లతో తొక్కించినవాణ్ణి, ఆ పని కళ్లారా చూడాలనిపిస్తుంది.

డేటన్ వాసి:
కట్టల వెనక సాగు చేసుకోవచ్చు, ఇల్లు కట్టకూడదు. ఆ ఐదింట్లో ఒకటైన హఫ్‌మన్ కట్ట వెనక ఆస్బోర్న్ అనే ఊరు ఉండేది. ఇళ్లను పునాదుల మీంచి లేపి, ఉన్నవి ఉన్నట్టు వేరే చోటికి లాక్కెళ్లారు. ఇప్పుడది ఫెయిర్‌బోర్న్‌లో కలిసిపోయింది.

చెయ్యేటి మాస్టారు:
మాది రాజంపేట వైపు. 2021 నవంబరు 19 తెల్లవారుజామున అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి నీళ్లు పులపుత్తూరు, మందపల్లి మీద పడ్డాయి. ముందు రాత్రంతా ఫోన్లలో మేం అడిగింది ఒక్కటే: గేట్లు ఎత్తారా? మనమూ ఇలా కట్టుకుని ఉండాల్సింది కదా!

రిటైర్డు ఇంజినీరు:
మీ బాధ అర్థమవుతోంది. కానీ అన్నమయ్య సాగునీటి కోసం కట్టింది. ఖాళీగా ఉంచితే మీ రైతులు ఊరుకుంటారా?

చెయ్యేటి మాస్టారు:
నిజమే. నవంబరులో జలాశయం ఖాళీగా కనబడితే ముందు కేకలేసేవాణ్ణి నేనే. ఈసారి పెద్ద వాన పడినప్పుడు ఎంగిల్‌వుడ్ కట్ట దగ్గరకు తీసుకెళ్లమని మావాడితో అన్నాను. కోడలు ససేమిరా అంటోంది.