డబ్బు తీసుకుని ఓటేసిన మా అమ్మ క్యారెక్టర్ లేని మనిషా?

పల్నాడు పిల్లోడు:
నిన్న ఒకాయన ఇక్కడే రాశారు, "ఓటుకి డబ్బు తీసుకునేవాళ్ళకి క్యారెక్టర్ ఉండదు, అందుకే సమాజం ఇలా తగలడింది" అని. రాత్రంతా అదే బుర్రలో తిరుగుతోంది. 2024 మే 13న మా పోలింగ్ కదా, రెండ్రోజుల ముందు రాత్రి పదిన్నరకి లైట్లు ఆర్పేసి మా వీధిలోకి బండి వచ్చింది. వచ్చింది పరాయివాడు కాదు, మా అమ్మ చిన్నప్పుడు చంకనేసుకుని తిప్పిన పిల్లాడే. "పిన్నీ, మీ ఇంట్లో రెండు ఓట్లు కదా" అని లిస్టులో టిక్కులు పెట్టుకుని, రెండు కవర్లు చేతిలో పెట్టి, గోడ మీదున్న వెంకటేశ్వరస్వామి పటం చూపించి ఒట్టేయించుకున్నాడు. అమ్మకి నచ్చిన క్యాండిడేట్ వేరే, పొద్దున క్యూలో కూడా నాతో అదే అంది. బయటికొచ్చాక అడిగితే "మాటిచ్చాను కదరా, దేవుడి ముందు" అంది. మా అమ్మ ఎవరి రూపాయీ ఎగ్గొట్టలేదండీ, చిట్టీ పాడేసుకున్నాక కూడా ఆఖరి నెల దాకా ఒకటో తారీఖుకే కట్టే మనిషి. క్యారెక్టర్ లేక కాదు, ఉండబట్టే దొరికిపోయింది అనిపిస్తోంది నాకు. మీరేమంటారు?

మంజీర:
అన్నా, అమ్మను ఏమంట లేను గాని గిది సాకే. ఇచ్చెటోనిది, తీస్కునెటోనిది ఇద్దరిదీ నేరమే, పాత ఐపీసీల 171బి ఉండె, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితల 170, ఏడాది దాంక జైలు. 2021ల హుజూరాబాద్ ఉప ఎన్నికప్పుడు మాకు కవర్ రాలేదని జనం రోడ్డు మీద కూసున్నరు, టీవీల జూస్తుంటే కడుపుల దేవినట్టయింది. దొంగసాటుగ తీస్కునేకాడికెల్లి అడిగి తీస్కునేకాడికి వచ్చినం. మనం గట్లుంటే మనకొచ్చే లీడర్ ఎట్లుంటడు?

రైతుబిడ్డ:
సింపుల్ బ్రో, అందరి దగ్గరా తీసుకో, నచ్చినోడికి గుద్దు. మన దగ్గర తిన్నదే కదా వాళ్ళు తిరిగిచ్చేది.

టీచరమ్మ:
రైతుబిడ్డ గారూ, 2017లో గోవా ఎన్నికలప్పుడు కేజ్రీవాల్ గారు ఈ మాటే అంటే ఎలక్షన్ కమిషన్ తప్పుపట్టింది. కమిషన్ సంగతి పక్కన పెట్టండి, ఆ సలహా పల్లెలో పనిచెయ్యదు. నేను పోలింగ్ డ్యూటీలు చాలా చేశాను. ఎవరు ఎవరికి వేశారో తెలియదు, నిజమే, కానీ బూత్ వారీగా ఎన్ని పడ్డాయో లెక్క బయటికొస్తుంది, ఏడెనిమిది వందల ఓట్లుండే బూత్‌లో ఏ వీధి జారిందో లీడర్లు వేళ్ళమీద లెక్కేస్తారు. ఇంక ఒట్టేసినవాడికి ఆ భయం కూడా అక్కర్లేదు, వాడి మనసే వాడికి కాపలా.

పల్నాడు పిల్లోడు తమ్ముడూ, మీ అమ్మగారు మంచావిడే. కానీ ఒక్కటి ఆలోచించు. గుడి మాన్యం నీకు రాసిస్తానని నేను ఒట్టేశాననుకో, ఆ ఒట్టు నిలబెట్టుకోవడం ధర్మమా? అది నాది కాదుగా అమ్మడానికి. ఓటూ అంతే, ఊరందరి మంచిచెడ్డల్లో మన వాటా అది. సుందరయ్య గారు సైకిల్ మీద పార్లమెంటుకి వెళ్ళారని ఇప్పటికీ చెప్పుకుంటాం, మరి అలాంటి మనిషి ఇవాళ మన వీధికి వట్టి చేతులతో వస్తే ఓటేస్తామా? నా బాధంతా అక్కడే.

మంజీర:
మాన్యం ముచ్చట మస్తు చెప్పినవ్ అక్కా. గిది నాకు తట్టలే.

పల్నాడు పిల్లోడు:
టీచరమ్మ గారూ, మీరు రాసింది ఫోన్లో అమ్మకి చదివి వినిపించా. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "మాన్యం మాట నిజమేరా, కానీ వాడికి మొహం మీద వద్దని ఎట్లా చెప్పేది, మీ నాన్న పోయినప్పుడు ముందు భుజం పట్టింది వాడే" అంది. దీనికి నా దగ్గర జవాబు లేదు. మీరంతా తీసుకోవడం గురించి మాట్లాడుతున్నారు, మా ఊళ్ళో కష్టం వద్దనడంలో ఉంది. ఒక్కళ్ళు వద్దంటే పొగరు అంటారు, అవతలి పార్టీ అంటారు.

టీచరమ్మ:
అందుకే ఒక్కళ్ళే అనకూడదు. డ్వాక్రా గ్రూపులో పదిమందిని కూర్చోబెట్టి ముందే అనుకోమనండి, మా వీధికి ఎవరి కవరూ వద్దని. వాడు వచ్చినప్పుడు "మేమందరం అనుకున్నాం నాయనా" అంటే మొహమాటం ఉండదు. మాట మీద నిలబడే మనుషులేగా, ఆ మాట వాళ్ళలో వాళ్ళే ఇచ్చుకోమనండి. ఎలక్షన్ కమిషన్‌కి ఫిర్యాదు చేసే సీ-విజిల్ యాప్‌లో ఫోటో పెడితే వంద నిమిషాల్లో చర్య అంటారు కానీ సొంత మనిషిలాంటి వాడి మీద ఎవరు పెడతారు చెప్పండి.

రైతుబిడ్డ:
మా వీధిలో పదిమంది ఒక మాట మీదకొస్తే నేనూ వద్దంటా. రావడమే డౌటు.

పల్నాడు పిల్లోడు:
ఇందాక మళ్ళీ ఫోన్ చేసింది. రెండు కవర్లలో ఒకటి విప్పనేలేదంట, ఇన్నాళ్ళూ బియ్యం డబ్బాలో అడుగునే ఉందంట, నాకు తెలీనే తెలీదు. పండక్కి వాడు ఇంటికొస్తే భోజనం పెట్టి చేతికిచ్చేస్తా అంటోంది.